తూర్పు మొగం రైలు

"వచ్చే ఉగాది పచ్చడి చేదు నాలిక మీంచి పోకముందే ఆళ్లగడ్డకు రైలు తెస్తా! తేకపోతే గురుస్వామి అనే పేరు మీ ఇండ్లల్లో కుక్కలకు పెట్టుకోండి!"

ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల కూడలిలో ట్రాక్టర్ ట్రాలీ మీద నిలబడి గురుస్వామి అన్న ఈ చారిత్రక ప్రకటన చేసినప్పుడు మైకు ఆయన చేతిలో ఉంది, మైకు వైరు నా చేతిలో ఉంది. అన్న ఆళ్లగడ్డ రైల్వే సాధన సమితికి వ్యవస్థాపక, శాశ్వత, జీవితకాల అధ్యక్షుడు. మార్కెట్ యార్డుకు మాజీ చైర్మన్. ఆ పేరు పెట్టి పిలిస్తే తోకాడించే కుక్కలు ఊళ్లో ఇప్పటికే ఒకటి రెండు ఉన్నాయని గిట్టనివాళ్లు అంటారు. నేను నమ్మను. ఉన్నా అది ఆ కుక్కల సొంత నిర్ణయం.

నా పేరు శ్యాంసుందర్. సమితికి ప్రచార కార్యదర్శిని. పొట్టకూటికి నంద్యాలలో ఒక కోచింగ్ సెంటర్లో జనరల్ నాలెడ్జి చెబుతాను. ఈ దేశంలో ఏ బ్యాంకు కౌంటర్ వెనక చూసినా నంద్యాల మెస్సుల్లో సాంబారు తాగిన మొహం ఒకటి ఉంటుంది. అందులో నా పాలు తక్కువే. నా స్పెషాలిటీ భారత రైల్వే చరిత్ర. బోరీబందర్ నుంచి ఠాణాకు నడిచిన తొలి బండి, దాన్ని లాగిన సాహిబ్, సింధ్, సుల్తాన్ అనే మూడు ఇంజన్లు, అన్నీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నిద్రలో లేపి ఎవరూ అడగలేదు. మెలకువగా ఉన్నప్పుడూ అడగరు. నేనే చెబుతాను. రోజూ ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాల పోయి రైళ్ల గురించి చెప్పి, సాయంత్రం మళ్లీ బస్సెక్కి వస్తాను. ఆళ్లగడ్డకు రైలు లేదు కాబట్టి.

ఎందుకు లేదన్నదే నా పరిశోధన. తెల్లదొరలు గుంతకల్లు నుంచి బెజవాడకు మీటర్ గేజ్ వేస్తూ నంద్యాల మీదుగా పోయారు. నల్లమలలో దొరబావి దగ్గర లోయ అడ్డమొస్తే దాని మీద ఎత్తుగా ఇనుప వంతెన కట్టి మరీ బండి నడిపారు. అరచెయ్యిలాగా చదునుగా ఉన్న ఆళ్లగడ్డకు మాత్రం రాలేదు. మన ప్రభుత్వం వచ్చాక నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు లైను వేశారు. అదీ బనగానపల్లె, కోయిలకుంట్ల మీదుగా, అప్పు తీర్చాల్సినవాడు ఎదురుపడితే తప్పుకున్నట్టు మా పక్కనుంచి తప్పుకుని పోయింది. ఏటా ఫిబ్రవరిలో సమితి మొత్తం టీకొట్టు టీవీ ముందు కూర్చుని రైల్వే బడ్జెట్‌లో ఆళ్లగడ్డ అనే మాట కోసం చెవులు రిక్కించేది. చివరికి ఢిల్లీవాళ్లు రైల్వే బడ్జెట్‌నే ఎత్తేసి పెద్ద బడ్జెట్‌లో కలిపేశారు. మాకు లేనిది ఇంక ఎవరికీ లేదని ఆ రోజు అన్న మైసూరుపాకు పంచాడు.

ఈ చరిత్రంతా ప్రతి సభలోనూ చెప్పాలని లేస్తాను. 1853లో మొదలుపెడతాను. మామూలుగా 1880 ప్రాంతంలో మైకు ఆగిపోతుంది. ఒకసారి 1925 దాకా పోయాను. ఆ రోజు మైకుసెట్టతనికి జ్వరం. స్వాతంత్ర్యం దాకా మాత్రం ఎప్పుడూ చేరలేదు. స్వాతంత్ర్యం రాకముందే జనం ఇళ్లకు పోతారు.

నా ఉపన్యాసం ఒక్కటే ఒక్కసారి జనం పూర్తిగా విన్నారు. అది ఒక్క వాక్యం. నంద్యాలలో మీటర్ గేజ్ పీకి బ్రాడ్ గేజ్ వేసిన రోజుల్లో జరిగిన సభలో గురుస్వామి అన్న, "ఆళ్లగడ్డకు రైలు వచ్చేదాకా నేను రైలెక్కను!" అని శపథం చేశాడు. చప్పట్లు మోగాయి. ఆ వేడిలో మైకు నా చేతిలో పెట్టాడు. అన్ని చప్పట్లు అంత దగ్గర నుంచి నేనెప్పుడూ వినలేదు. "నేను కూడా!" అన్నాను. అంతే. మనిషి గోతిలో పడడానికి పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కాలేదు. లూదియా అన్నం పెడుతూ అడిగింది.

"యెవురడిగినారు నిన్ను?"

"ప్రజలు."

"మా అక్కను చూసేదానికి సికింద్రాబాదుకు పోవాల్నంటే ప్రజలు వస్తారా నాతో?"

అప్పటినుంచి మేమిద్దరం ఏ ఊరికి పోయినా విడివిడిగానే పోతాం. ఆమె నంద్యాలలో రైలెక్కుతుంది. నేను సామాన్లతో బస్సులో పోతాను. ఆమె పోయి, స్నానం చేసి, భోంచేసి, ఒక కునుకు తీసి లేచేసరికి నేను దిగుతాను. నంద్యాల స్టేషన్లో ప్లాట్‌ఫాం మీదికి మాత్రం పోయి టీ తాగుతాను. ప్లాట్‌ఫాం శపథంలో లేదు.

గురుస్వామి అన్న నిష్ఠ నాకంటే గొప్పది. రైల్లో పోయిన సంగతి ఆయన ప్రాణం పోయినా బయటపెట్టడు. ఒకసారి లూదియా చెప్పింది, "మీ అన్న నా యెదురు బెర్తులోనే పండుకోని గురక పెట్టినాడు" అని. నేను విషయం అడిగితే అన్న నిదానంగా, "సార్, శత్రువు బలం లోపలికి పోయి చూడాల" అన్నాడు. అంత దూరం ఆలోచించే బుర్ర నాకు లేకనే నేను ప్రచార కార్యదర్శి దగ్గర ఆగిపోయాను.

మాకొక కూతురు. ఫెబా. నాకు జోలపాటలు రావు కాబట్టి ఉయ్యాల్లో ఉన్నప్పుడు దానికి రైలు కూతలు కూసేవాణ్ణి. నడక వచ్చాక సాయంత్రాలు తల్లి వేలు పట్టుకుని బస్టాండుకు వచ్చేది. నేను బస్సు దిగడం ఆలస్యం, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు. కూ... కూ కూ! బస్టాండంతా తిరిగి చూసేది. రైలు లేని ఊళ్లో నాకోసం రోజూ ఒక బండి వచ్చేది.

ఆ పిల్లే పెద్దయి, నా క్లాసులోనే కూర్చుని, నేను 1880 దాకా వచ్చేసరికి ఆవలిస్తూనే పరీక్ష రాసి, గుంతకల్లు డివిజన్లో అసిస్టెంట్ లోకో పైలట్ అయ్యింది. తొలి జీతం రాగానే ఫోన్ చేసింది.

"నాయనా, ఒక్కసారి నా బండెక్కు. యెనకాల యే పెట్టెలోనో నువ్వు కూచ్చోని ఉండావని తెలిస్తే నాకు చాలు."

"మన ఊరికి రానీ తల్లీ. ఫస్టు నేనే ఎక్కుతా."

ప్రతిసారీ ఇదే జవాబు. ఫోన్ పెట్టేశాక కాసేపు నా మీద నాకే అసహ్యం వేసేది. అయినా ఊరంతా "శపథం సారు" అని పిలుస్తుంటే ఆ పేరు వదులుకోవడం అంత సులభం కాదు. నాకు ఇంకో పేరేదీ లేదు మరి.

ఇక ఉగాది దగ్గర పడింది. రైలు జాడ లేదు. సమితి సభ్యులు అన్న మొహం వంక చూడడం మానేశారు. అప్పుడు అన్న సమావేశంలో లేచి నిలబడి, "ఆళ్లగడ్డకు రైలు తెస్తానన్నా గానీ, ఇనపదని యెవునికి చెప్పినా?" అన్నాడు.

మేధావుల మాటలు అర్థం కావడానికి టైం పడుతుంది.

శిల్పాలకు ఆళ్లగడ్డ పెట్టింది పేరు. ఏ ఊరి గుడిలో దేవుడైనా, ఏ కూడలిలో నాయకుడైనా సగానికి సగం మా ఊరి ఉలి కిందనుంచి లేచి పోయినవాళ్లే. మా శిల్పుల్లో పెద్దాయన మహానందయ్య. ఆయన దగ్గరికి పోయి అన్న రాతి ఇంజన్ కావాలన్నాడు. నిలువెత్తుది, పొగగొట్టంతో, లోపలికి ఎక్కి నిలబడేటట్టు.

"చెక్కుతా. మొగం యా దిక్కుకు పెట్టాల?" అన్నాడు మహానందయ్య.

"నంద్యాల దిక్కుకు."

"కుదరదు. మా చేత్తో చెక్కి నిలబెట్టినేది యేదైనా తూర్పుకు చూడాల."

"తూర్పున నల్లమల గదప్పా! రైలు అడివిలోకి పోతాది."

"రాతిబండి యాడికి పోతాదన్నా?"

తూర్పు మొగమే ఖాయమైంది.

స్థలం ఎంపిక నాకు అప్పజెప్పారు. పాత సర్వేలన్నీ నాకు కంఠతా వచ్చు. రైలంటూ వస్తే ఆళ్లగడ్డలోకి సరిగ్గా ఎక్కడినుంచి రావాలో, స్టేషన్ ఎక్కడ కట్టాలో లెక్కగట్టి, హైవే పక్కన అన్న సొంత బీడు చేను ఒకటి ఉంటే అందులో కాలితో గీత గీసి చూపించాను. నా జీవితంలో తప్పని తేలని అంచనా అదొక్కటే.

ఉగాదినాడు ఇంజన్ తయారైంది. నల్లరాతి ఇంజన్, చక్రాలకు తామర రేకులు. "చక్రం అంటే మాకు చెయ్యి అట్లే పోతాది" అన్నాడు మహానందయ్య. ముందు పెద్ద గుండ్రటి లైటు, దాని మీద గుడ్డ కట్టి ఉంది.

"ఇది దీనికి కన్ను," అన్నాడు ఆయన. "మా ఆచారం చెప్తాండా, ఇనుకోండి. కన్ను తెరవనంతసేపు ఇది రాయి. యాడికన్నా జరపొచ్చు. ఉలి పెట్టి కన్ను తెరిచినామంటే రాయి గాదు. ఇంగ దీన్ని ఈడ్నుంచి కదిలించగూడదు. ఆలోచన చేసుకోండి."

"కన్ను ల్యాకుంటే బండిని యెవురు నమ్ముతారప్పా? తెరువు!" అన్నాడు అన్న.

"తొలి చూపు శానా గట్టిది. మనిషి మీద పడగూడదు. అద్దం పెట్టాల."

మహానందయ్య కొడుకు అద్దం పట్టుకుని వచ్చాడు. ఫోటోగ్రాఫర్ అద్దంలో తన ఫ్లాష్ కొడుతుందన్నాడు. గురుస్వామి అన్న అద్దాన్ని పక్కకు నెట్టి ఇంజన్‌కు ఎదురుగా తనే నిలబడ్డాడు.

"అద్దం యెందుకు? నేనుండా గదా!"

కన్ను తెరిచారు. తొలి చూపు అన్న మీద పడింది. చప్పట్ల మధ్య ఆయన ఇంజన్‌లోకి ఎక్కి, "ఆళ్లగడ్డకు రైలొచ్చింది! నా శపథం తీరింది!" అని ప్రకటించి, మర్నాడే కుటుంబ సమేతంగా ఏసీ బోగీలో తిరుపతి పోయాడు. ఈసారి ఎవరికీ దాచలేదు.

ఫెబా ఫోన్ చేసింది. "నాయనా, అన్నే ఎక్కినాడంట గదా. ఇంగ నువ్వూ రా!"

మీరే చెప్పండి, నేను పోవచ్చు. కానీ చరిత్ర చదివినవాణ్ణి. రాతి రైలు రైలేనని ఒప్పుకుంటే సాహిబ్, సింధ్, సుల్తాన్‌ల మొహం ఎట్లా చూడను? "ఇనపదే రావాలి తల్లీ" అన్నాను. ఆ పక్కనే ఉన్న లూదియా గిన్నెలు కొంచెం గట్టిగా పెట్టింది.

తర్వాత జరిగినదానికి ఎవరినీ తప్పు పట్టలేం. హైవే మీద పోతున్న ఒక లారీ డ్రైవర్ ఒంటికన్ను ఇంజన్‌ను చూసి, బండి ఆపి టెంకాయ కొట్టాడు. ఒకడు కొడితే వెనక లారీవాడికి కొట్టకుండా పోవడానికి గుండె చాలదు. ఇంతలో నా శిష్యుడు గిరీశ్ పరీక్షల్లో తప్పీ తప్పీ విసిగిపోయి, ఇంజన్ చుట్టూ ప్రదక్షిణలు చేసి పోయి రైల్వేలో క్లర్కు అయ్యాడు. అంతే, నంద్యాల నుంచి విద్యార్థులు బస్సులు కట్టుకుని దిగారు. మా కోచింగ్ సెంటర్ కరపత్రంలో "మెటీరియల్ ఫ్రీ, హాస్టల్ ఫ్రీ, రైలమ్మ దర్శనం ఫ్రీ" అని వేశారు. ఆ వాక్యం నాదే. రైలమ్మ అనే పేరు కూడా నేనే పెట్టానేమోనని అనుమానం, కానీ ఆ గౌరవం అన్న తీసుకున్నాడు.

సమితి గుడి కమిటీ అయ్యింది. కార్యవర్గం అదే, రసీదు పుస్తకాలు అవే. ఇంజన్ లోపల గర్భగుడి. కుంకుమకు బదులు బొగ్గుపొడి బొట్టు. చర్చికి పోయేవాళ్లు కొవ్వొత్తులు, సాయిబులు ఊదుబత్తీలు పెట్టడం మొదలుపెట్టారు. ఉద్యోగం దగ్గర మా జిల్లాలో మతసామరస్యం ఎక్కువ.

ఒక ఆదివారం పొద్దున ప్రార్థనకు బయల్దేరుతుంటే లూదియా నా నుదురు చూసింది.

"యేందది?"

"బొగ్గు."

"బొగ్గని నాకూ తెలుసు. విగ్రహాలకు మొక్కేది మనింట్లో యెప్పుడు మొదలాయ?"

"ఛ, అది విగ్రహం కాదు లూదియా. ఇంజన్. యంత్రం. నేను గౌరవిస్తున్నది చరిత్రను."

"సరే. ఇంజనే అన్న్యావ్. మాట గుర్తు పెట్టుకో" అని చీర చెంగుతో నా నుదురు తుడిచింది.

ఆ రోజుల్లోనే నాకు ఒక మహాభాగ్యం పట్టింది. క్యూలో జనం ఉత్తగా నిలబడి ఉన్నారని అన్న నా రైల్వే చరిత్రను రికార్డు చేయించి స్పీకర్లలో పెట్టించాడు. క్యూకు రెండు పక్కలా ఇనప కమ్మీలు. ముందుకు పోలేరు, వెనక్కి రాలేరు. 1853లో మొదలైన నా గొంతు 1880 దాటింది, 1925 దాటింది, ఎవరూ ఆపలేదు. జీవితంలో తొలిసారి నేను స్వాతంత్ర్యం దాకా వచ్చాను. క్యూ పక్కన నిలబడి నా గొంతు నేనే వింటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. క్యూలో ఎదురుగా ఉన్న ఒకాయన కళ్లలోనూ నీళ్లు చూశాను. ఎండ బాగా ఉంది ఆ రోజు.

అలాంటి సమయంలో పిడుగులాంటి వార్త వచ్చింది. ఆళ్లగడ్డకు రైలు శాంక్షన్ అయ్యింది. నిజం రైలు. ఇనపది.

సర్వే ఇంజనీరు జ్యోత్స్న అనే అమ్మాయి. జీపు దిగి మ్యాపు పరిచి, రైలమ్మను చూసి, మళ్లీ మ్యాపు చూసి, "ఈ స్థలం ఎవరు ఎంపిక చేశారండీ?" అని అడిగింది.

"నేనే" అన్నాను గర్వంగా.

"అద్భుతం సార్. మా సెంటర్ లైను సరిగ్గా దీని మధ్యలోంచి పోతోంది."

ఆ సాయంత్రం ఫెబా ఫోన్లో ఎగిరి గంతులేసినంత పని చేసింది. "నాయనా! లైను వస్తాందంట గదా! తొలిబండికి డ్యూటీ నాకే కావాల్నని ఇప్పుడే అడిగినా. నువ్వు, అమ్మ నంద్యాలలో ఎక్కండి. మనూర్లో దిగుదురు. బస్టాండ్లో కూసినట్టు కూస్తా చూడు!"

నాకూ ఆనందంగానే ఉంది. అబద్ధం చెప్పను. ఆ రాత్రి అన్నం కొంచెం ఎక్కువే తిన్నాను.

గుడి దగ్గర గ్రామసభ పెట్టారు. జనం కిటకిటలాడారు. జ్యోత్స్న మర్యాదగా విషయం చెప్పింది.

"మా పై ఆఫీసు అడుగుతున్నది ఒకటే మాట. ఇది ఇంజనైతే క్రేన్ పెట్టి జాగ్రత్తగా పక్కకు జరుపుతాం. స్టేషన్ ముందర తోటలో అందంగా పెడతాం. దేవతైతే మేము తాకం. లైనే పక్కకు జరుపుతాం. ఇది ఇంజనా, దేవతా? ఊరు ఒక్కమాటగా చెప్పండి చాలు."

"కన్ను తెరిచినాం. ముందే చెప్పినా" అన్నాడు మహానందయ్య.

గురుస్వామి అన్న నావైపు తిరిగాడు. "చరిత్ర తెలిసినోడు సారు. సారు యేమంటే అదే ఊరి మాట." మైకు నా చేతిలో పెట్టాడు. చాలా ఏళ్ల కిందట ఒకసారి పెట్టినట్టే.

ఆడవాళ్ల వరసలో లూదియా కూర్చుని ఉంది. నన్నే చూస్తోంది. నేను గొంతు సవరించుకుని, "పద్దెనిమిది వందల యాభై మూడు, ఏప్రిల్..." అని మొదలుపెట్టాను.

"సార్, ఇంజనా, దేవతా?" అంది జ్యోత్స్న.

ఇంజన్ అంటే ఫెబా బండి ఊళ్లోకి వస్తుంది. నేను ఎక్కుతాను. ఒక్క మాట చాలు. అప్పుడు నాకు తోటలో పెట్టిన రాతి ఇంజన్ కనబడింది. దానికి క్యూ ఉండదు. కమ్మీలు ఉండవు. స్పీకర్లు ఉండవు. స్టేషన్లో జనం రైలు కోసం చూస్తారు గానీ రైల్వే చరిత్ర వినరు, ఆ సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు? ఎదురుగా అన్ని వేల కళ్లు. ఎవరూ లేచి పోవడం లేదు.

"దేవత" అన్నాను.

చప్పట్లకు పిట్టలు లేచిపోయాయి. లూదియా కూడా లేచిపోయింది. నా పక్కనుంచి పోతూ, "మొన్న ఇంజన్ అన్న్యావ్" అంది.

లైను నాలుగు కిలోమీటర్లు పడమటికి జరిగింది. స్టేషన్ వేరే ఊరికి పోయింది. రైల్వే మీద ఆళ్లగడ్డ సాధించిన తొలి విజయంగా ఆ రోజు ఊరేగింపు తీశాం. రైల్వే సాధన సమితి బ్యానర్ కిందనే తీశాం. వేరే బ్యానర్ అచ్చువేయడానికి టైం లేకపోయింది.

పట్టాలు పడడానికి కొన్నేళ్లు పట్టింది. అడిగినట్టే తొలిబండి డ్యూటీ ఫెబాకే వచ్చింది. బయల్దేరే ముందురోజు లూదియా ఇద్దరికీ బట్టలు సర్దింది.

"నేనెట్లా వస్తా? శపథం ఉంది కదా. రైలు ఆళ్లగడ్డకు రాలేదు" అన్నాను.

"రాకుండా చేసినేది యెవురు?"

ఆమె నా బట్టలు తీసి బీరువాలో పెట్టేసి, తన సంచి తీసుకుని నంద్యాల బస్సెక్కింది. ఫెబా ఫోన్ చేసింది. దానికి నా మీద కోపం రాదు, అదే నాకు బాధ.

"యెక్కకుంటే పోనీలే నాయనా. ఊరి పక్కకొచ్చినప్పుడు నీకోసం కూస్తా. చిన్నప్పటి కూతే. యాడున్నా ఇను."

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే రైలమ్మ దగ్గర తిరనాళ్లలాగా ఉంది. నేను ఇంజన్ చక్రం పక్కన నిలబడి చేల మీదుగా పడమటికి చూస్తున్నాను. రైలమ్మ తూర్పుకు చూస్తోంది. స్పీకర్లు ఇంకా పెట్టలేదు. గాలి కూడా లేదు.

అప్పుడు వినబడింది. ఒక పొడుగు, రెండు పొట్టి. కూ... కూ కూ!

బస్టాండులో తల్లి వేలు పట్టుకున్న పిల్ల కళ్ల ముందు నిలబడింది. ఆ బండిలో కిటికీ పక్కన లూదియా ఉంది, పక్క సీటు ఖాళీగా ఉంది. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని తిరిగి కూయబోయి, క్యూ వైపు చూశాను.

క్యూ మొత్తం బిగుసుకుపోయి ఉంది. ముందు ఎవరో ఆడమనిషి అరిచింది. "అమ్మ కూసింది! రైలమ్మ కూసింది!"

ఇంక చూడండి. టెంకాయలు, పొర్లుదండాలు, పూనకాలు. గురుస్వామి అన్న పరుగున వచ్చి ఇంజన్‌లోకి ఎక్కి మైకు తీసుకున్నాడు. "కన్ను తెరిచిననాడు తొలిచూపు నా మీద పడింది. ఈనాడు తొలికూత మీరందరూ విన్న్యారు! నమ్మనోళ్లు ఉంటే సారును అడగండి. సార్, కూసినేది యెవురు?"

మైకు మళ్లీ నా చేతిలోకి వచ్చింది. అన్న చేతిమీదుగా ఇది మూడోసారి. ఈసారి నాకు చప్పట్లు అక్కర్లేదు అనిపించింది. నిజంగా అనిపించింది.

"కూసింది నా కూతురు" అన్నాను.

అన్న నావైపు చూశాడు. ఒక్క క్షణమే. అంతకంటే ఎక్కువ ఆలోచిస్తే నాయకుడు కాలేడు.

"విన్న్యారా! రైలమ్మ సారు కడుపున బిడ్డంట! సారుకే చెప్పుకునింది! అందుకే గదా ఈయప్ప జన్మంతా రైలెక్కలేదు! కన్నబిడ్డ మీద యెవురన్నా కాలు పెడతారా?"

నా మెడలో దండలు పడ్డాయి. ఎవరో నా నుదుట అరచెయ్యంత బొగ్గు రాశారు. నేను "కాదు, ఫెబా, మా పాప, రైల్వేలో..." అంటున్నాను. "అవునవును, రైల్వేలోనే" అంటూ కాళ్లకు మొక్కారు.

బండి చేరాక ఫెబా ఫోన్ చేసింది. నేను గుడి వెనక్కి పోయి ఎత్తాను.

"నాయనా, ఇన్న్యావా?"

"విన్నా తల్లీ. బాగా విన్నా."

"నేనేనని ఆడ యెవురికన్నా చెప్పినావా?"

"అందరికీ చెప్పినా. మైకులో చెప్పినా."

"అవునా! యేమన్న్యారు?"

తల పక్కకు పెట్టి చూశాను. క్యూ హైవే దాకా పోయింది.

"అందరూ నీకు దండం పెట్టినారు తల్లీ" అన్నాను.

అది పకపకా నవ్వింది. ఆ నవ్వు వెనక లూదియా దగ్గు వినబడింది. తర్వాత ఫెబా మెల్లగా అడిగింది.

"నువ్వెప్పుడు యెక్కుతావ్ నాయనా?"

"రేపు" అన్నాను. ఏళ్ల తరబడి లోపల ఉన్న మాట ఇంత చిన్నదని నాకు తెలియదు. "రేపే ఎక్కుతా. శపథం లేదు, ఏమీ లేదు. నేను..."

సరిగ్గా అప్పుడే స్పీకర్లు అందుకున్నాయి. పద్దెనిమిది వందల యాభై మూడు, ఏప్రిల్ పదహారు, మధ్యాహ్నం, బోరీబందర్...

"యేందీ? ఇనపడల్యా నాయనా! ఆడ యెవురో అరుస్తాండారు."

ఆపమని వాలంటీరుకు చెయ్యి ఊపాను. దీవిస్తున్నాననుకుని అతను దండం పెట్టి, సౌండు ఇంకొంచెం పెంచాడు.

"రేపే!" అని అరిచాను. "రేపే వస్తా తల్లీ!"

"యెవురయ్యా అది? కొంచేపు ఆపమని చెప్పు నాయనా!"

ఆ గొంతు స్వాతంత్ర్యం దాకా ఆగదు. రికార్డు చేసింది నేనే కదా, నాకు తెలుసు.